విస్తరణ సేవల సాఫ్ట్‌వేర్: సొంత బ్యాకెండ్, లో-కోడ్ వేదికల మధ్య ఎంపిక

సారాంశం

రైతుల నమోదు, క్షేత్ర పరిశీలన, సలహాల పంపిణీ వంటి విస్తరణ కార్యక్రమాలలో సాఫ్ట్‌వేర్ వినియోగం సర్వసాధారణమైంది. దానిని ప్రోగ్రామర్లతో ప్రత్యేకంగా రాయించుకోవడమా, తయారుగా ఉన్న లో-కోడ్ వేదికపై సమకూర్చుకోవడమా అనే ప్రశ్న ప్రతి ప్రాజెక్టు ఆరంభంలోనూ ఎదురవుతుంది. హైదరాబాద్‌లోని ఐటీ, వ్యవసాయ పరిశోధన సంస్థలు చేపట్టిన రెండు ప్రయోగాలను, తెలుగు రాష్ట్రాల భూమి లెక్కల ప్రత్యేకతలను ఆధారంగా తీసుకుని ఈ ఎంపికకు తగిన ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఫారాలు, తెరలు ఏ వేదికపై ఉన్నప్పటికీ దత్తాంశ నిర్మాణం, లెక్కల నియమాలు సంస్థ అధీనంలోనే ఉండాలని సూచిస్తుంది.

కీలక పదాలు: వ్యవసాయ విస్తరణ, బ్యాకెండ్, లో-కోడ్, దత్తాంశ నిర్మాణం, ఈ-సాగు, సర్వే నంబరు

ఉపోద్ఘాతం

రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్, జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్ ఉన్నాయి. అక్కడికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో హైటెక్ సిటీ విస్తరించి ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతం బ్యాంకులకు, బీమా సంస్థలకు, విదేశీ వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తూ వచ్చింది. వ్యవసాయ శాస్త్రవేత్తలు తమ పనికి సాఫ్ట్‌వేర్ కావలసినప్పుడు సహజంగానే అటువైపు చూస్తారు. అక్కడ వారికి రెండు రకాల సలహాలు ఎదురవుతాయి. సర్వర్, డేటాబేస్‌లతో మొత్తం వ్యవస్థను కొత్తగా రాయించుకోవాలని ఒక వర్గం చెబుతుంది. ప్రోగ్రామరు అవసరం లేకుండా రెండు వారాలలో లో-కోడ్ వేదికపై పని పూర్తి చేసుకోవచ్చని మరొక వర్గం చెబుతుంది.

ఈ రెండు సలహాలూ వ్యాపార సంస్థల అనుభవం నుండి వచ్చినవే. విస్తరణ ప్రాజెక్టుకు ప్రత్యేక లక్షణాలు ఉన్నాయి. నిధులు సాధారణంగా కొద్ది సంవత్సరాలకే పరిమితమై ఉంటాయి. రీసెర్చ్ అసోసియేట్లు మధ్యలోనే మారిపోతారు. పని ఒక్కసారిగా విత్తే కాలంలో పెరిగి, కోత తరువాత తగ్గుతుంది. సేకరించిన దత్తాంశం మాత్రం పది, పదిహేను సంవత్సరాల తరువాత కూడా పరిశోధనకు అవసరమవుతుంది. కాబట్టి ఎంపిక ప్రమాణాలను మన పని స్వభావం నుండే రూపొందించుకోవలసి ఉంటుంది.

రెండు మార్గాల స్వరూపం

వినియోగదారుడికి కనిపించే తెర వెనుక ఉండి, దత్తాంశాన్ని భద్రపరచి, నియమాల ప్రకారం లెక్కించి, అర్హత గల వారికి మాత్రమే అందించే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. దీనిని సొంతంగా నిర్మించేటప్పుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌ను, పైథాన్ లేదా జావా వంటి భాషలో రాసిన ప్రోగ్రామును, వాటిని నడిపే సర్వర్‌ను సంస్థే సమకూర్చుకుంటుంది. ప్రతి నియమమూ సంస్థ ఇష్టప్రకారం ఉంటుంది. భద్రత, బ్యాకప్, మరమ్మతుల బాధ్యత కూడా సంస్థదే.

లో-కోడ్ అనే మాటను ఫారెస్టర్ పరిశోధన సంస్థ 2014లో ప్రచారంలోకి తెచ్చింది. ఈ విధానంలో డేటాబేస్, సర్వర్, లాగిన్ వంటివి వేదిక యజమాని వద్ద సిద్ధంగా ఉంటాయి. ఫారం, పట్టిక, నివేదికలను మౌస్‌తో అమర్చి, అవసరమైన చోట చిన్న సూత్రాలు రాస్తే అప్లికేషన్ తయారవుతుంది. పవర్ యాప్స్, యాప్‌షీట్, జోహో క్రియేటర్, అవుట్‌సిస్టమ్స్, మెండిక్స్ ఈ కోవకు చెందినవి. పరిశోధక విద్యార్థులకు సుపరిచితమైన ఓడీకే, కోబో టూల్‌బాక్స్ కూడా ఆచరణలో ఈ వర్గానికి దగ్గరివే. వీటిలో ప్రశ్నావళిని ఎక్సెల్ పట్టికగా రాస్తే మొబైల్ ఫారం సిద్ధమవుతుంది.

హైదరాబాద్‌లో రెండు ప్రయోగాలు

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, మీడియా ల్యాబ్ ఏషియా సహకారంతో 2004లో ఈ-సాగు ప్రయోగాన్ని ప్రారంభించింది. ఆచార్య పి. కృష్ణారెడ్డి నాయకత్వంలో సాగిన ఈ ప్రయోగం మొదటి సంవత్సరంలో వరంగల్ జిల్లాలోని మూడు గ్రామాలకు చెందిన 1,051 పత్తి క్షేత్రాలకు సేవలందించింది. గ్రామ సమన్వయకర్తలు క్రమం తప్పకుండా ప్రతి క్షేత్రానికీ వెళ్లి డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి, పరిశీలనలు నమోదు చేసేవారు. హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని, ఆ క్షేత్రం పూర్వచరిత్రను చూసి సలహా తయారు చేసేవారు. రైతు ప్రశ్న అడగకుండానే ఆయన పొలానికి తగిన సలహా ఆయనకు చేరడం ఈ విధానం ప్రత్యేకత.

ఆనాటి గ్రామీణ ఇంటర్నెట్ వేగం ఫోటోల బరువును మోయగలిగేది కాదు. అందువల్ల ఫోటోలను సీడీలలో నింపి కొరియర్ ద్వారా హైదరాబాద్‌కు పంపారు. ఫోటో ఏ మార్గంలో వచ్చినా, అది ఏ క్షేత్రానిది, ఏ తేదీది, దానికి ఏ నిపుణుడు ఏ సలహా ఇచ్చారు అన్న సంబంధం చెడకూడదు. కొరియర్ స్థానంలో ఇంటర్నెట్ వచ్చినా ఆ సంబంధం మారదు. రవాణా సాధనం తాత్కాలికం, దత్తాంశ నిర్మాణం శాశ్వతం అన్న పాఠాన్ని ఈ ప్రయోగం నుండి గ్రహించవచ్చు.

రెండవది 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో నిర్వహించిన విత్తన సమయ సలహా ప్రయోగం. ఇందులో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో, విత్తే ముందు ఏమి చేయాలో తెలుగు ఎస్‌ఎంఎస్‌ల ద్వారా తెలియజేశారు. సలహా పాటించిన పొలాలలో దిగుబడి సగటున 30 శాతం అధికంగా నమోదైనట్లు నిర్వాహకులు ప్రకటించారు. రైతు చేతిలో ఉన్నది సాధారణ ఫోను. ఆయనకు కనిపించింది ఒక సందేశం మాత్రమే. దాని వెనుక మూడు దశాబ్దాల వాతావరణ దత్తాంశం, నేల తేమ సూచిక లెక్కలు ఉన్నాయి. ఇటువంటి సేవలో తెర రూపకల్పనకు పెద్దగా పని లేదు. శ్రమ అంతా లెక్కలోనే ఉంది, ఆ లెక్క ఏ తయారు వేదికలోనూ సిద్ధంగా దొరకదు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక సూత్రం లభిస్తుంది. ప్రాజెక్టులో ప్రత్యేకమైన భాగం ఏది, అందరికీ ఉమ్మడిగా ఉండే భాగం ఏది అని ముందుగా విడదీయాలి. ఫారం నింపడం, ఫోటో పంపడం, జాబితా చూడడం ఉమ్మడి పనులు. క్షేత్ర చరిత్ర నిర్మాణం, సలహా లెక్క మన ప్రత్యేక పనులు. ఉమ్మడి పనులకు తయారు వేదిక సరిపోతుంది. ప్రత్యేక పనులకు అది సరిపోతుందో లేదో పరీక్షించి తెలుసుకోవాలి.

క్షేత్ర దత్తాంశంలోని చిక్కులు

లో-కోడ్ వేదికలు అంకె, తేదీ, అక్షరాలు అనే సామాన్య రకాలతో పని చేస్తాయి. మన భూమి లెక్కలు వీటిలో సూటిగా ఇమడవు.

మొదటి ఉదాహరణ సర్వే నంబరు. ఉపవిభాగాలతో 12/3 అనే సర్వే నంబరును ఎక్సెల్‌లో నమోదు చేస్తే అది మార్చి 12వ తేదీగా మారిపోతుంది. 245/2 వంటి పెద్ద నంబర్లు మాత్రం మారకుండా ఉంటాయి. కొన్ని వరుసలు మాత్రమే చెడతాయి కాబట్టి పొరపాటు వెంటనే కంటబడదు. తెలంగాణలో 124/అ వంటి తెలుగు అక్షరాల ఉపవిభాగాలు కూడా ఉన్నందున ఈ గడిని ఎల్లప్పుడూ అక్షర రూపంలోనే నిర్వచించాలి.

రెండవ ఉదాహరణ విస్తీర్ణం. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాకు 100 సెంట్లు. సెంట్ల పద్ధతిలో 2.30 ఎకరాలు అన్నది దశాంశ సంఖ్యే, దానిని నేరుగా కూడవచ్చు. గుంటల పద్ధతిలో 2.30 అంటే 2 ఎకరాల 30 గుంటలు. ఒక రైతుకు 2.30, 1.20 చొప్పున రెండు కమతాలు ఉన్నాయనుకుందాం. సాధారణ అంకెల గడి వీటిని కూడి 3.50 అని చూపుతుంది. దానిని మూడున్నర ఎకరాలుగా తీసుకుంటే 140 గుంటలు అవుతుంది. అసలు విస్తీర్ణం 110, 60 గుంటలు కలిపి 170 గుంటలు, అంటే 4 ఎకరాల 10 గుంటలు. రైతు లెక్కలో 30 గుంటలు తగ్గిపోయాయి. ఎకరాకు 6,000 రూపాయల చొప్పున సాయం లెక్కగడితే ఆ రైతు నష్టపోయేది 4,500 రూపాయలు. ఎరువు, మందు మోతాదుల సలహా కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది. పైగా 2.10ని అంకెల గడి 2.1గా కుదించి చూపుతుంది. అది పది గుంటలో ఒక గుంటో తరువాత చూసేవారికి తెలియదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి ఉంచి, గుంటల గడిలో 39కి మించిన అంకెను నిరాకరించి, మొత్తాన్ని గుంటలలో భద్రపరచాలి. ఈ పనిని లో-కోడ్ వేదికపై కూడా చేయవచ్చు. అయితే నియమం ఒక ఫారానికి మాత్రమే కట్టుబడి ఉంటే, వేరొక ఫారం నుండో, దిగుమతి చేసిన ఫైలు నుండో తప్పు లెక్క లోపలికి వస్తుంది. నియమం డేటాబేస్‌లోనే ఉన్నప్పుడు ఏ దారిన వచ్చిన తప్పునైనా అది ఆపుతుంది. ఒక వేదికను ఎంచుకునే ముందు ఇటువంటి నియమాన్ని దత్తాంశ స్థాయిలో విధించే వీలు అందులో ఉందా అని పరీక్షించాలి.

మూడవ ఉదాహరణ తెలుగు సందేశం. యూనికోడ్ ఎస్‌ఎంఎస్‌లో ఒక భాగానికి 70 అక్షర సంకేతాలు పడతాయి. సందేశం అంతకు మించితే ఒక్కో భాగంలో 67 మాత్రమే పడతాయి. గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. “వర్షం” అనే మాట చూపుకు చిన్నదే అయినా ఐదు సంకేతాలు తీసుకుంటుంది. 140 సంకేతాల సలహా మూడు భాగాల ఖర్చుతో వెళుతుంది. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపే సంస్థ పేరును, సందేశం నమూనాను ముందుగా నమోదు చేయించుకోవాలి. నమూనాకు సరిపోలని సందేశం రైతుకు చేరదు. విదేశీ వేదికలలో ముందుగా అమర్చిన ఎస్‌ఎంఎస్ సదుపాయం ఈ నిబంధనకు అనుగుణంగా ఉందో లేదో కాగితం మీద కాకుండా పది ఫోన్లకు పంపి నిర్ధారించుకోవాలి.

పరిమాణం, వ్యయం

చిన్న ప్రాజెక్టులో బాగా పనిచేసిన అప్లికేషన్ విస్తరించినప్పుడు విఫలమయ్యే తీరును ఒక ఉదాహరణతో చూడవచ్చు. పవర్ యాప్స్‌లో కొన్ని రకాల వెతుకులాటలను మూల డేటాబేస్‌కు అప్పగించడం సాధ్యం కాదు. అటువంటప్పుడు అప్లికేషన్ మొదటి 500 వరుసలను మాత్రమే తెచ్చుకుని వాటిలో వెతుకుతుంది. ఈ పరిమితిని గరిష్ఠంగా 2,000 వరకు పెంచుకోవచ్చు. రూపొందించేవారికి హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది కాని, క్షేత్రంలో వాడే అధికారికి కనిపించదు. 400 మంది రైతులతో పరీక్షించినప్పుడు అంతా సరిగా ఉంటుంది. 6,000 మంది చేరిన తరువాత జాబితా చివరనున్న రైతు పేరు వెతికితే దొరకదు. ఆ రైతు నమోదు కాలేదని అధికారి భావించి మళ్లీ నమోదు చేస్తారు, లేదా తిప్పి పంపుతారు. ఇది ఆ వేదిక దాచిన లోపం కాదు, బహిరంగంగా రాసి ఉన్న పరిమితే. ప్రతి వేదికకూ ఇటువంటివి ఉంటాయి. అంచనా వేసిన సంఖ్యకు రెండు రెట్ల కల్పిత దత్తాంశంతో ముందుగానే పరీక్షించడం ఒక్కటే దీనికి తగిన జాగ్రత్త.

వ్యయం విషయంలోనూ పరిమాణమే నిర్ణయాత్మకం. లో-కోడ్ వేదికలు సాధారణంగా తలకు నెలకు ఇంత అని రుసుము తీసుకుంటాయి. లెక్క కోసం తలకు నెలకు 500 రూపాయలు అనుకుందాం. 20 మంది క్షేత్ర సిబ్బందికి నెలకు 10,000 రూపాయలు అవుతుంది. ఒక ప్రోగ్రామరు జీతంతో పోలిస్తే ఇది స్వల్పం. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాల క్లస్టరుకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు ఉన్నాయి. క్లస్టరుకు ఒక విస్తరణ అధికారి చొప్పున 2,600 మందికి ఇదే రుసుము నెలకు 13 లక్షలు, సంవత్సరానికి ఒక కోటి 56 లక్షల రూపాయలు అవుతుంది. ఆ స్థాయిలో సొంత బ్యాకెండ్‌ను, దానిని నిర్వహించే చిన్న బృందాన్ని పోషించడం చౌక కావచ్చు.

సొంత నిర్మాణంలోని దాగిన ఖర్చును కూడా గుర్తించాలి. ప్రోగ్రాము రాయడం ఖర్చులో ఒక భాగం మాత్రమే. సర్వర్ అద్దె, భద్రతా నవీకరణలు, బ్యాకప్ పరీక్షలు, ఫోన్లలో ఆండ్రాయిడ్ మారినప్పుడు చేయవలసిన సవరణలు ఏటేటా కొనసాగుతాయి. రాసిన వ్యక్తి హైటెక్ సిటీలో మెరుగైన ఉద్యోగానికి వెళ్లిపోతే, వివరణ పత్రాలు లేని ప్రోగ్రామును మరొకరు చదివి అర్థం చేసుకోవడం కష్టం. నిర్వహణకు శాశ్వత నిధి, కనీసం ఇద్దరు బాధ్యులు లేని విభాగం సొంత బ్యాకెండ్‌కు పూనుకోకపోవడమే మంచిది.

వేదిక మూతపడినప్పుడు

వేదిక యజమాని తన వ్యాపార కారణాలతో సేవను నిలిపివేయవచ్చు. పటాలు తయారు చేయడానికి పరిశోధకులు విరివిగా వాడిన గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో మూతపడింది. గూగుల్ యాప్ మేకర్ అనే లో-కోడ్ వేదిక 2021 జనవరి 19న నిలిచిపోయింది. యాప్ మేకర్‌లో నిర్మించిన అప్లికేషన్‌లను వేరొక వేదికకు నేరుగా మార్చుకునే మార్గం లేకపోయింది. అయితే వాటి దత్తాంశం క్లౌడ్ ఎస్‌క్యూఎల్ అనే ప్రామాణిక డేటాబేస్‌లో ఉన్నందున అది చెక్కుచెదరలేదు. వినియోగదారులు తెరలను మళ్లీ కట్టుకోవలసి వచ్చింది కాని, దత్తాంశాన్ని మళ్లీ సేకరించనవసరం లేకపోయింది. ఒక ఖరీఫ్‌లో గమనించిన గులాబీ రంగు పురుగు ఉధృతిని మరుసటి సంవత్సరం తిరిగి సేకరించలేము. అందుకే విస్తరణ పరిశోధనకు ఈ తేడా చాలా విలువైనది.

ఓడీకే, కోబోలు రెండూ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఫారం అనే ఉమ్మడి ప్రమాణాన్ని అనుసరిస్తాయి. అందువల్ల ఒకదానిలోని ప్రశ్నావళిని పెద్దగా మార్పులు లేకుండా రెండవదానిలో వాడుకోవచ్చు. నెట్‌వర్క్ లేని పొలంలో నమోదు చేసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపే సదుపాయం కూడా వీటిలో ఉంది. ఓడీకే సర్వర్‌ను విశ్వవిద్యాలయం తన సొంత యంత్రంపైనే నడుపుకోవచ్చు. ఇది రెండు మార్గాలకూ మధ్యేమార్గం.

రైతు వ్యక్తిగత సమాచారం

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ఈ ఎంపికకు మరొక కోణాన్ని జోడించింది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో రైతుకు తెలియజేయాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అంటే తెలుగులో కూడా పొందే వీలు కల్పించాలి. సమ్మతిని ఉపసంహరించుకునే హక్కు రైతుకు ఉంటుంది. పరిశోధన, గణాంక అవసరాలకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది. అయితే ఆ సమాచారంతో ఒక వ్యక్తికి సంబంధించిన నిర్దిష్ట నిర్ణయం తీసుకోకూడదన్నది ఆ మినహాయింపుకు షరతు. అంటే గణాంకాల కోసం చేసిన సర్వే ఒక కోవకు, అదే జాబితా నుండి ఒక్కొక్క రైతుకు విడివిడిగా నిర్ణయం చేసి సలహా పంపే సేవ మరొక కోవకు చెందుతాయి. సర్వేగా మొదలైన ప్రాజెక్టు సేవగా మారే సందర్భంలో రైతు సమాచారాన్ని తొలగించే వీలు, ఎవరు చూశారో నమోదయ్యే వీలు వ్యవస్థలో ఉండాలి. ఎంచుకున్న వేదికలో ఇవి లేకపోతే అప్పుడు వేదికను మార్చవలసి వస్తుంది.

ఎంపిక విధానం

పై చర్చ ఆధారంగా ప్రాజెక్టు ఆరంభంలో కింది ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానాలు సిద్ధం చేసుకోవడం ఉపయుక్తం.

1. దత్తాంశం ఎన్ని సంవత్సరాలు అవసరం? నిధుల కాలం కంటే అది ఎక్కువా?
2. వినియోగదారులు, రికార్డులు ఇప్పుడు ఎన్ని? మూడేళ్ల తరువాత ఎన్ని కావచ్చు?
3. గుంటల లెక్క, సలహా సూత్రం వంటి ప్రత్యేక నియమాలు ఎన్ని? వాటిని వేదికలో దత్తాంశ స్థాయిలో విధించవచ్చా?
4. మొత్తం దత్తాంశాన్ని, ఫోటోలను, వాటి మధ్య సంబంధాలతో సహా ఒక రోజులో బయటకు తీసుకోగలమా?
5. రూపొందించిన వ్యక్తి వెళ్లిపోతే నిర్వహించేదెవరు?

మూడు సందర్భాలకు వీటిని అన్వయించి చూద్దాం. 300 మంది రైతులతో ఒక సీజను సర్వే చేసే స్నాతకోత్తర విద్యార్థికి ఓడీకే లేదా కోబో పూర్తిగా సరిపోతుంది. బ్యాకెండ్ రాయించడం సమయం వృథా. జిల్లాలో ముప్పై చోట్ల వారం వారం పురుగుల ఉధృతిని నమోదు చేసే కృషి విజ్ఞాన కేంద్రానికి ఫారాలు లో-కోడ్‌లో ఉండవచ్చు. ఏటేటా పోల్చవలసిన దత్తాంశం కాబట్టి అది విశ్వవిద్యాలయం డేటాబేస్‌లోకి క్రమం తప్పక చేరాలి. వాతావరణాన్ని, నేలను, పంట దశను కలిపి లక్షల రైతులకు సలహా లెక్కించే రాష్ట్రస్థాయి సేవకు సొంత బ్యాకెండ్ తప్పనిసరి. ఆ సేవకు కూడా మొదటి సీజనులో ఒక మండలంలో లో-కోడ్ నమూనాతో పనితీరును గమనించి, ఫారంలో ఏ ప్రశ్నలు నిలుస్తాయో, ఏవి తొలగుతాయో తేలిన తరువాత నిర్మాణానికి పూనుకోవడం మేలు.

ముగింపు

సొంత బ్యాకెండ్, లో-కోడ్ అనే రెండింటిలో ఒకటి ఆధునికం, మరొకటి పాతది అన్న భావన సరికాదు. ప్రతి ప్రాజెక్టులోనూ త్వరగా మారే భాగం, మారకూడని భాగం రెండూ ఉంటాయి. త్వరగా మారే ఫారాలు, తెరలకు లో-కోడ్ తగినది. క్షేత్రం, రైతు, పరిశీలన, సలహాల మధ్య సంబంధాలు, భూమి లెక్కల నియమాలు ప్రామాణిక డేటాబేస్‌లో సంస్థ అధీనంలో ఉండాలి. విస్తరణ విద్యార్థుల ప్రయోగ తరగతులలో ఒక మండలం దత్తాంశాన్ని తీసుకుని గడుల నిర్వచనం, గుంటల తనిఖీ, దత్తాంశ ఎగుమతి, రెట్టింపు రికార్డులతో పరీక్ష అనే నాలుగు అంశాలను అభ్యాసం చేయించవచ్చు. ఆ అభ్యాసం ఉన్న పట్టభద్రుడు హైటెక్ సిటీలోని నిపుణులతో కూర్చున్నప్పుడు, తనకు ఏమి కావాలో వారి భాషలోనే స్పష్టంగా చెప్పగలుగుతాడు.